సీలింగ్, పార్టిషన్ రిపేరుకు నమ్మకమైన జిప్సమ్ బోర్డు కాంట్రాక్టర్: హైదరాబాద్ ఇంటివారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్స్ సీలింగ్ మీద మరక పడినా, జాయింటు పగిలినా, పార్టిషన్ గోడకు రంధ్రం పడినా ఎవరిని పిలవాలి, ఏం అడగాలి, ఏ దశలో దగ్గరుండి చూడాలి అన్నవాటికి ఇక్కడ జవాబులున్నాయి. ఈ పనిలో మంచీ చెడూ తేలేది బోర్డు లోపల. పైన లప్పం, రంగు పడ్డాక అన్ని సీలింగులూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఎక్కువ జవాబులు బోర్డు మూయకముందు చూడాల్సిన వాటి చుట్టూనే తిరుగుతాయి.

మా ఇంట్లో ఉన్నది జిప్సమ్ బోర్డా, పీఓపీనా? ఎలా తెలుస్తుంది?

ఎంసీబీ ఆపేసి, సీలింగులో ఉన్న ఒక ఎల్‌ఈడీ లైటును కిందికి లాగండి. పక్కల స్ప్రింగు క్లిప్పులుంటాయి, వేళ్లు జాగ్రత్త. లైటు బయటికి వచ్చాక రంధ్రం అంచును టార్చి వేసి చూడండి. కింద ఒక కాగితం పొర, పైన ఒక కాగితం పొర, మధ్యలో తెల్లటి సమమైన ముద్ద కనిపిస్తే అది జిప్సమ్ బోర్డు. కాగితం లేకుండా ఎగుడుదిగుడుగా గట్టిపడిన పిండిలా ఉండి, లోపల జాలీ కనిపిస్తే పీఓపీ.

ఈ తేడా ముందే తెలుసుకోవడం అవసరం. పీఓపీ మేస్త్రీ తడి పిండితో చేతిపని చేస్తాడు. బోర్డు పనివాడు ఫ్రేము, స్క్రూ, టేపుతో చేస్తాడు. బోర్డు సీలింగులో పడిన రంధ్రాన్ని పీఓపీ పిండితో కూరితే కొన్నాళ్లకు ఆ ముక్క చుట్టూ గీత పడుతుంది. ఫోన్ చేసినప్పుడే మీ ఇంట్లో ఏముందో చెప్పి, అతను రోజూ చేసే పని ఏదో అడగండి.

సీలింగు మీద గోధుమ రంగు మరక పడింది. సీలింగు కాంట్రాక్టర్‌నే పిలవాలా?

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాలి. అది తేలకుండా బోర్డు మారిస్తే వచ్చే వానాకాలానికి కొత్త బోర్డు మీదా అదే మరక పడుతుంది.

మరక ఎప్పుడు పెరుగుతోందో గమనించండి. వాన పడ్డ ఒకటి రెండు రోజులకు పెరిగితే టెర్రస్ స్లాబు మీద గానీ, బయటి గోడ పగులు మీద గానీ అనుమానం పెట్టుకోవాలి. వానతో పనిలేకుండా ఏడాదంతా చెమ్మగా ఉంటే పై ఫ్లాటు బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ (గచ్చులో నీళ్లు పోయే జాలీ రంధ్రం) దగ్గరో, పైపు జాయింటు దగ్గరో కారుతూ ఉండొచ్చు. ఎండాకాలంలోనే కనిపిస్తే ఏసీ డ్రెయిన్ పైపు, లేదా పైన చుట్టిన ఇన్సులేషన్ చిరిగి చెమ్మ పట్టే రాగి పైపు. చివరి అంతస్తువాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూసుకోవాలి.

పై బాత్రూమ్ మీద అనుమానం ఉంటే ఆ ఇంటివారిని అడిగి, నహానీ ట్రాప్ మూసి, గచ్చు మీద రెండంగుళాల నీళ్లు 24 నుంచి 48 గంటలు నిలబెట్టి చూడొచ్చు. కింద చెమ్మ పెరిగిందంటే విషయం తేలినట్టే. ఈ పరీక్ష ఊసెత్తకుండా, వచ్చీ రాగానే "బోర్డు మార్చేద్దాం సార్" అనే కాంట్రాక్టర్‌కు పని ఇవ్వకండి. "ముందు లీకేజీ ఆపించండి, ఆరాక పిలవండి" అని తన పనినే వాయిదా వేసుకునేవాడు దొరికితే వదులుకోవద్దు.

లీకేజీ ఆగి స్లాబు పూర్తిగా ఆరాక బోర్డును బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉండి, కుంగకుండా, కాగితం ఊడకుండా ఉంటే బోర్డు మార్చక్కర్లేదు. మరక మీద నేరుగా ఎమల్షన్ వేస్తే పసుపు మళ్లీ పైకి వస్తుంది కాబట్టి ముందు ఆయిల్ ప్రైమర్ వేసి, దాని మీద రంగు వేయాలి. వేలు దిగబడితే, స్క్రూ తలల దగ్గర తుప్పు మచ్చలుంటే, నల్లబూజు పట్టి ఉంటే ఆ భాగం కోసి తీసేయాల్సిందే. పైన ఫ్రేముకు తుప్పు పట్టిందో లేదో కూడా అప్పుడే చూడాలి.

మంచి కాంట్రాక్టర్ ఎక్కడ దొరుకుతాడు?

ఈ పనికంటూ విడిగా లైసెన్సు ఉండదు. ఎవరైనా కార్డు కొట్టించుకుని కాంట్రాక్టర్ కావచ్చు. కాబట్టి విచారించుకోవాల్సింది మీరే.

మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క అపార్ట్‌మెంట్‌లోనో చేయించుకున్నవాళ్లను అడగడం అన్నిటికంటే మేలు. లేదంటే రాణిగంజ్ వైపో, మీ ఏరియాలోనో బోర్డులు, ఛానెళ్లు (ఫ్రేముకు వాడే మడత రేకులు) అమ్మే డీలర్‌ను అడగండి. తన దగ్గర క్రమం తప్పకుండా సరుకు కొని, డబ్బు సరిగ్గా కడుతున్నది ఎవరో అతనికి తెలుసు. ఇంటీరియర్ సంస్థలు చాలావరకు ఈ పనిని కింది కాంట్రాక్టర్లకు అప్పగిస్తాయి. వాళ్లకు ఇస్తే తప్పేమీ లేదు, కానీ మీ ఇంటికి వచ్చే మేస్త్రీ ఎవరు, తేడా వస్తే జవాబు చెప్పేది ఎవరు అన్నది ముందే తెలియాలి. అడ్డా మీద నుంచి రోజు కూలీకి తెచ్చుకున్న మనిషితో పాత బోర్డు విప్పించొచ్చు, చెత్త దించించొచ్చు. ఫ్రేము, జాయింటు పని మాత్రం అతని చేత చేయించవద్దు.

పాత పని చూపించమన్నప్పుడు నిన్నమొన్న పూర్తయిన ఇంటికి తీసుకెళితే లాభం లేదు. కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటిన సీలింగు చూడాలి. ఆ ఇంటివారిని రెండే అడగండి: జాయింట్ల దగ్గర గీతలు వచ్చాయా? వస్తే, ఫోన్ చేశాక అతను తిరిగి వచ్చాడా?

ఫోన్‌లోనే చదరపు అడుగుకు రేటు చెబుతున్నారు. అదే ఖాయం చేసుకోవచ్చా?

కొత్త సీలింగైతే అంచనాకు పనికొస్తుంది. రిపేరుకు పనికిరాదు. రెండడుగుల ముక్క మార్చినా మనిషి మూడు నాలుగు సార్లు రావాలి, ఎందుకంటే జాయింటు మీద ఒక్కో కోటు ఆరడానికి సమయం పడుతుంది. చిన్న రిపేరుకు చదరపు అడుగు లెక్క అతనికి గిట్టుబాటు కాదు. గిట్టుబాటు కానప్పుడు మూడుసార్లు కోటు వేయాల్సిన పని ఒక్క పూటలో ముగించేస్తాడు. అందుకే ఇంటికి పిలిపించి, చూపించి, గుత్తకు మాట్లాడుకోండి. ఎన్నిసార్లు వస్తాడో కూడా అందులోనే అనుకోండి.

కొటేషన్‌లో ఏమేం ఉండాలి?

"జిప్సమ్ సీలింగ్ విత్ మెటీరియల్" అని ఒక్క ముక్క రాసి, పక్కన రేటు వేసి ఇస్తే అది కొటేషన్ కాదు. బోర్డు కంపెనీ, రకం, మందం రాయాలి. ఛానెళ్ల కంపెనీ, రేకు మందం రాయాలి. ఫ్రేము ఎంత దూరానికి ఒకటి, జాయింటుకు ఏ టేపు, ఎన్ని కోట్లు, లప్పం, ప్రైమర్, రంగు రేటులోనే ఉన్నాయా లేదా, లైట్ల రంధ్రాలు ఎవరు కోస్తారు, పాత సరుకు ఎవరు దించి పారేస్తారు అన్నవీ కాగితం మీద ఉండాలి. వాట్సాప్‌లో పెట్టినా సరే, ఆ మెసేజీ చెరపకుండా దాచుకోండి.

కొలత పద్ధతి దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. ఒక గదిలో 8 అడుగులు, 6 అడుగుల కోవ్ (లైట్లు దాచేందుకు సీలింగులో మెట్టులా చేసే భాగం) ఉందనుకోండి. దాని చుట్టుకొలత 28 రన్నింగ్ అడుగులు. నిలువు పట్టీ ఎత్తు 6 అంగుళాలైతే ఆ పట్టీ వైశాల్యం 14 చదరపు అడుగులు. కొందరు ఈ 14 అడుగులనూ చదరపు అడుగుల మొత్తంలో కలిపి, పైగా 28 అడుగులకు కోవ్ పేరుతో రన్నింగ్ అడుగు రేటూ వేస్తారు. ఒకే పట్టీకి రెండుసార్లు డబ్బు ఇచ్చినట్టు. ఏదో ఒక్క లెక్కే ఉంటుందని మొదటే తేల్చుకోండి. పని అయ్యాక టేపు పట్టి కొలిచేటప్పుడు మీ మనిషి ఒకరు రెండో కొస పట్టుకోవాలి.

ఒక గదికి సరుకు ఎంత పడుతుంది?

12 అడుగులు, 10 అడుగుల గదికి, కోవ్ లేని సాదా సీలింగు లెక్క చూద్దాం. 6 అడుగులు, 4 అడుగుల బోర్డు 24 చదరపు అడుగులు. గది 120 కాబట్టి లెక్కకు 5 బోర్డులు. జాయింట్లు వరసగా ఒకే గీత మీదికి రాకుండా అటూ ఇటూ జరిపి కోయాలి కనుక 6 తెప్పించుకోవాలి. గోడ చుట్టూ పెరిమీటర్ ఛానెల్ 44 అడుగులు, అంటే 12 అడుగులవి 4. పొడవు వైపు ఇంటర్మీడియట్ ఛానెల్ 4 అడుగులకు ఒకటి చొప్పున 2 వరసలు. వాటికి అడ్డంగా, బోర్డును స్క్రూలతో బిగించే సీలింగ్ సెక్షన్ 18 అంగుళాలకు ఒకటి చొప్పున 7 వరసలు. ఆ రెండూ కలిసే ప్రతిచోటా ఒక క్లిప్పు, మొత్తం 14. స్క్రూలు బోర్డుకు 30 దాకా.

సరుకు దిగినప్పుడు ఈ లెక్కతో సరిచూసుకోండి. సెక్షన్లు 7 బదులు 5 వచ్చాయంటే 18 అంగుళాలకు రావాల్సిన వరస రెండడుగులకు పోతోందన్నమాట. అలాంటి సీలింగు నాలుగైదు నెలలు బాగానే ఉండి, తర్వాత వరసల మధ్య పొట్టలా కిందికి జారడం మొదలవుతుంది.

సరుకు అసలైనదో కాదో ఎలా చూడాలి?

మామూలు గదులకు 12.5 మి.మీ. బోర్డు వాడాలి. జిప్సమ్ బోర్డులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2095. బోర్డు వెనుక కంపెనీ పేరు, మందం, తయారీ వివరాలు అచ్చువేసి ఉంటాయి. కొటేషన్‌లో జిప్రాక్ బ్రాండు అని రాసి ఇంకేదో దింపితే అక్కడే దొరికిపోతుంది. బిగించకముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఛానెళ్ల మీదా కంపెనీ ముద్ర ఉంటుంది. సీలింగ్ సెక్షన్ రేకు అర మిల్లీమీటరుకు తగ్గకూడదు. కాంట్రాక్టర్ దగ్గర కాలిపర్ (మందం కొలిచే పరికరం) ఉంటే కొలవమనండి, లేకపోతే డీలర్ బిల్లు చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే కారణం అడగండి.

వంటగది, వాష్ ఏరియా లాంటి చెమ్మ ఉండే చోట్లకు చెమ్మను తట్టుకునే ఆకుపచ్చ బోర్డు వాడతారు. అది ఆవిరిని తట్టుకుంటుంది గానీ కారే నీళ్లను తట్టుకోదు. నీళ్లు నేరుగా తగిలే చోట జిప్సమ్ జోలికి పోకుండా ఫైబర్ సిమెంట్ బోర్డు వేయించాలి. సికింద్రాబాద్‌కు చెందిన విశాఖ ఇండస్ట్రీస్ వీనెక్స్ట్ పేరుతో వీటిని తయారు చేస్తుంది. మరికొన్ని కంపెనీలవీ దొరుకుతాయి.

బోర్డు మూసే ముందు దగ్గరుండి చూడాల్సినవి ఏమిటి?

ఫ్రేము పూర్తయిన రోజు ఇంట్లో ఉండండి. సెలవు పెట్టాల్సి వస్తే ఈ రోజుకే పెట్టండి. మీరు చూసేదాకా బోర్డు ఎక్కించవద్దని కొటేషన్‌లోనే రాయించండి.

స్టూలెక్కి మొదట స్లాబు వైపు చూడండి. స్లాబుకు బిగించిన ప్రతి క్లీటూ (వేలాడే పట్టీని పట్టే చిన్న రేకు ముక్క) మెటల్ ఫాస్టెనర్‌తో పట్టి ఉండాలి. రంధ్రంలో చెక్కముక్క కొట్టి, దానికి మేకు దిగ్గొట్టి, సన్నని తీగతో వేలాడదీస్తే ఒప్పుకోవద్దు. చెక్క ఎండాకాలంలో కుదించుకుపోయి మేకు వదులవుతుంది. వేలాడే పట్టీని చేత్తో పట్టి గట్టిగా కిందికి లాగి చూడండి, కదలకూడదు. పట్టీలు 4 అడుగుల దూరానికి మించకూడదు.

తర్వాత టేపు తీసి సెక్షన్ల మధ్య దూరం కొలవండి. మధ్య నుంచి మధ్యకు 457 మి.మీ., అంటే 18 అంగుళాలు. గది మధ్యలో సరిగ్గా ఉండి, గోడ పక్కకు వచ్చేసరికి దూరం పెంచేయడం చాలామందికి అలవాటు. మూలల్లో తప్పకుండా కొలవండి. పెరిమీటర్ ఛానెల్‌ను గోడకు రెండేసి అడుగులకు ఒక స్క్రూతో బిగించాలి.

ఇక లోపలి వైరింగ్. వైర్లన్నీ పీవీసీ పైపుల్లో ఉండాలి, ఉత్త వైర్లు బోర్డు మీద పరచి వదిలేయకూడదు. ఏసీ డ్రెయిన్ పైపు వాలు బయటి వైపుకు ఉందో లేదో ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. వాల్వు, జంక్షన్ బాక్సు, ఏసీ పైపు జాయింటు ఉన్న చోట తెరిచి చూసేందుకు ట్రాప్‌డోర్ పెట్టించండి. దానికి కాస్త ఖర్చవుతుంది, పెట్టకపోతే రేపు ప్లంబర్ వచ్చి సీలింగు పగలగొడతాడు.

ఇవన్నీ నాలుగు మూలల నుంచీ వీడియో తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా డ్రిల్ చేయాల్సి వస్తే సెక్షన్ ఎక్కడుంది, వైరు ఎక్కడుంది అని వెతుక్కోనక్కర్లేదు.

బోర్డు ఎక్కించేటప్పుడు స్క్రూ 25 మి.మీ.ది, 9 అంగుళాలకు ఒకటి. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా దానికంటే వెంట్రుకవాసి లోపలికి దిగాలి. కాగితం చిరిగిన స్క్రూకు పట్టు ఉండదు. దాన్ని వదిలేసి రెండంగుళాల పక్కన ఇంకొకటి వేయమనండి.

పార్టిషన్ గోడకు ఇవే కొలతలా?

కాదు. కింద నేలకూ పైన స్లాబుకూ ఛానెల్ బిగించి, మధ్యలో నిలువు రేకు కడ్డీలైన స్టడ్‌లు 610 మి.మీ.కు ఒకటి, అంటే రెండడుగులకు ఒకటి నిలబెడతారు. రెండు వైపులా 12.5 మి.మీ. బోర్డు, స్క్రూలు అడుగుకు ఒకటి. పైన ఛానెల్‌ను స్లాబుకు కాకుండా ఫాల్స్ సీలింగుకే బిగించి వదిలేస్తే గోడ తోస్తే ఊగుతుంది, పక్క గది మాటలు సీలింగు పైనుంచి వినిపిస్తాయి. శబ్దం తగ్గాలంటే మధ్యలో 50 మి.మీ. గ్లాస్ వుల్ లేదా రాక్ వుల్ పెట్టించాలి. ఒక వైపు బోర్డు వేశాక, రెండోది మూయకముందు వుల్ ఖాళీల్లేకుండా పరిచారో లేదో చూడండి.

ఫ్యాను, టీవీ, షాండ్లియర్ దేనికి తగిలించాలి?

ఫ్యాను స్లాబులోని హుక్కుకే ఉండాలి. పాత హుక్కు లేకపోతే స్లాబుకు యాంకర్ ఫాస్టెనర్‌తో కొత్తది పెట్టి, పొడవాటి రాడ్‌తో సీలింగు కిందికి దించాలి. ఫ్యాను బరువు గానీ, దాని అదురు గానీ ఫ్రేము మీద పడకూడదు. బరువైన షాండ్లియర్‌కూ ఇదే మాట. పార్టిషన్ గోడకు టీవీ పెట్టాలనుకుంటే ముందే చెప్పండి, స్టడ్‌ల మధ్య ప్లైవుడ్ పలక బిగించి దాని మీద బోర్డు వేస్తారు. గోడ మూసేశాక చెబితే మళ్లీ కోయాల్సిందే.

జాయింట్ల దగ్గర గీతలు ఎందుకు వస్తాయి?

మామూలుగా మూడు కారణాలు. టేపు వేయకుండా జాయింటును ఉత్త లప్పంతో నింపడం మొదటిది. లప్పం గట్టిపడుతుంది గానీ సాగదు, ఫ్రేము కాస్త కదలగానే చీలుతుంది. రెండోది, కింది కోటు ఆరకముందే పై కోటు వేయడం. మూడోది, నాలుగు బోర్డుల మూలలు ఒకే చోట కలిసేలా బిగించడం.

సరైన పద్ధతి ఇది. జాయింటులో జాయింట్ కాంపౌండ్ నింపి, తడిగా ఉన్నప్పుడే పేపర్ టేపు అద్ది, లోపల గాలి లేకుండా బ్లేడుతో లాగాలి. ఆరాక ఇంకాస్త వెడల్పుగా రెండో కోటు, అది ఆరాక ఇంకా వెడల్పుగా మూడోది. కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు వదలాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు. చేత్తో తాకితే చల్లగా ఉందంటే ఇంకా ఆరలేదన్నమాట. "రెండు రోజుల్లో రంగుతో సహా అప్పగిస్తాం" అనే మాటకు ఆశపడకండి.

గోడా సీలింగూ కలిసే అంచున సన్నని గీత రావడం వేరే సంగతి. గోడ ఇటుకది, సీలింగు రేకు మీద ఉన్నది, రెండూ ఒకేలా వ్యాకోచించవు. అక్కడ లప్పం మళ్లీ మళ్లీ పెట్టే కంటే రంగు పట్టే యాక్రిలిక్ సీలెంటు వేయించడం మంచిది.

ఒక అడుగు ముక్క మార్చే రిపేరు ఎలా చేయాలి?

కరెంటు మెయిన్ ఆపి, చెడిన చోటును చుట్టూ గట్టి బోర్డు వచ్చేదాకా చతురస్రంగా కోయాలి. గుండ్రంగా, వంకరటింకరగా కోస్తే ముక్క సరిగ్గా కూర్చోదు. కోసిన అంచు సెక్షన్ మీదికి రాకపోతే, లోపల సెక్షన్ ముక్కలు పెట్టి పాత బోర్డుకు స్క్రూలు వేయాలి. వాటి మీద అదే మందం ఉన్న కొత్త ముక్కను బిగించాలి. నాలుగు అంచులకూ టేపు, మూడు కోట్లు, సన్నని ఎమరీతో రుద్దడం, ప్రైమర్, రెండు కోట్ల రంగు. లోపల ఆధారం లేకుండా అంచులకు పిండి అతికించి ముక్కను నిలబెడితే ఫ్యాను అదురుకే పగిలిపోతుంది. రంగు ఆ ముక్క వరకే వేస్తే అతుకులా కనిపిస్తుంది కాబట్టి ఆ సీలింగు మొత్తానికి ఒక కోటు వేయించుకోవాలి.

డబ్బు ఎలా ఇవ్వాలి? జీఎస్టీ కట్టాలా?

బయానాగా పదో వంతు చాలు. సరుకు ఇంటికి దిగి, మీరు చూశాక నలభై శాతం. ఫ్రేము మీరు ఒప్పుకుని, బోర్డు మూశాక ముప్పై. జాయింట్లు, లప్పం అయ్యాక పది. మిగిలిన పది శాతం నెల రోజులు ఆపి ఇవ్వండి, గీతలు వచ్చేవైతే చాలావరకు ఈలోగా బయటపడతాయి. ఈ షరతు పని మొదలుకాకముందే ఒప్పించాలి. మధ్యలో చెబితే గొడవ. సగం ముందే అడిగితే, సరుకు డబ్బు నేరుగా డీలర్‌కు కడతానని చెప్పి బిల్లు మీ పేరున తీసుకోండి. చెల్లింపులు యూపీఐలో, కొటేషన్ మీద ఉన్న పేరుకే చేయండి.

జీఎస్టీ నంబరు ఉన్న కాంట్రాక్టర్ ఇలాంటి పనికి మామూలుగా 18 శాతం వేస్తాడు. నంబరు లేనివాడు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని చిన్న కాంట్రాక్టర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి నంబరు లేకపోవడం ఒక్కటే మోసానికి గుర్తు కాదు. నంబరు ఇస్తే 15 అక్షరాలుండాలి, తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే మొదటి రెండు అంకెలు 36. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో చేయించేటప్పుడు ఇంకేం చూసుకోవాలి?

డ్రిల్లింగ్ ఏ వేళల్లో చేయొచ్చో అసోసియేషన్‌ను ముందే అడగండి. 6 అడుగుల బోర్డు మీ లిఫ్టులో పడుతుందో లేదో కొలవండి. పట్టకపోతే మెట్ల మీద మోసే కూలీ ఎవరిదో అప్పుడే మాట్లాడుకోండి. రుద్దేటప్పుడు వచ్చే తెల్లపొడి ఇల్లంతా పరుచుకుంటుంది. తలుపు సందులకు ప్లాస్టిక్ షీటు కట్టించండి, పని గదిలో ఏసీ వేయకండి, పొడి దాని ఫిల్టర్లో చేరుతుంది. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పూట వేరే చోట ఉంటే మంచిది.

పాత బోర్డులు, పీఓపీ పెళ్లలు వీధి చెత్తకుండీ పక్కనో, ఖాళీ ప్లాటులోనో, నాలాలోనో పడేయనివ్వకండి. నిర్మాణ వ్యర్థాలను ప్రాసెస్ చేసే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. తరలింపు ఖర్చు ఎవరిదో కొటేషన్‌లో లేకపోతే చివరి రోజు సంచులు మీ పార్కింగ్‌లోనే మిగులుతాయి.

పని పాడైంది, ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

లోపాలను తేదీతో ఫోటోలు తీసి, ఏం సరిచేయాలో, ఏ తేదీలోగా చేయాలో రాసి వాట్సాప్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలు మించకపోతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. కొటేషన్, చెల్లింపుల వివరాలు, ఫ్రేము వీడియో, మీరు పంపిన నోటీసు జతచేయండి. మిగిలిన భాగాన్ని వేరేవాళ్లతో చేయించాల్సి వస్తే, వాళ్లు ముట్టుకోకముందే పాత పని మొత్తాన్ని వీడియో తీసి, కొత్త మేస్త్రీ చేత లోపాలు, సరిచేయడానికయ్యే ఖర్చు కాగితం మీద రాయించుకోండి.